యంత్రముల సంభాషణను వినిపించిన గ్రంథము

ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు నెట్‌వర్కుల పాఠము సాధారణముగా ఒక పట్టికతో ఆరంభమగును. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1984లో ప్రకటించిన ఏడు అంతస్తుల నమూనాను ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయును, విద్యార్థి దానిని అప్పగించును, మార్కులు వచ్చును. మరునాడు ఆ గదిలోనే ఇంటర్నెట్టు ఆగిపోయినచో ఆ ఏడు పేర్లలో ఒక్కటియు అక్కరకు రాదు. పేర్లు తెలిసినవే గాని, ఆ పేర్లు గల వస్తువులు పనిచేయుచుండగా ఎవరును చూచి యుండలేదు. మందార పువ్వును విప్పి చూపకయే రక్షక పత్రములు, ఆకర్షక పత్రములు అని వల్లె వేయించుట వంటిది ఈ పద్ధతి.

దీనికి పూర్తిగా భిన్నమైన త్రోవ త్రొక్కిన గ్రంథమొకటి కలదు. అది డబ్ల్యు. రిచర్డు స్టీవెన్సు రచించిన 'టీసీపీ/ఐపీ ఇల్లస్ట్రేటెడ్' మొదటి సంపుటము. అడిసన్-వెస్లీ వారు దీనిని 1994లో ప్రకటించిరి. స్టీవెన్సు 1951లో, నేడు జాంబియా అని పిలువబడు దేశమున జన్మించి, 1999లో మరణించిరి. ఈ గ్రంథమునకు కెవిన్ ఫాల్ అను శాస్త్రజ్ఞుడు 2011లో రెండవ కూర్పును సిద్ధపరచెను. కంప్యూటరు శాస్త్రమున పదియేండ్ల గ్రంథమే పాతబడునని చెప్పుట వాడుక. అట్టిచో ముప్పది యేండ్లు దాటిన మొదటి కూర్పును నేడు ఉపాధ్యాయుడు చేతబట్టుట యుక్తమా, లేక దానిని గౌరవముగా బీరువాలో పెట్టి తాళము వేయుట మేలా అనునది తేల్చుకొనవలసిన ప్రశ్న.

గ్రంథము యొక్క పద్ధతిని గ్రహించుటకు నెట్‌వర్కు నడచు తీరు కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒక యంత్రము మరియొక యంత్రమునకు ఒక ఛాయాచిత్రమును పంపునప్పుడు దానిని ఒకే ముద్దగా పంపదు. ఈథర్‌నెట్టు తంతిపై ఒక్క సారికి సాధారణముగా 1500 బైట్లకు మించి పోవుటకు వీలులేదు. కావున 3 లక్షల బైట్ల చిత్రము రెండు వందలకు పైబడిన తునకలగును. ఈ తునకలకే ప్యాకెట్లని పేరు. ప్రతి ప్యాకెట్టు మీదను పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా ఉండును. నడుమ నుండు రూటర్లు ఆ చిరునామాను చూచి ప్యాకెట్టును ముందునకు త్రోయును. అది చేరెనా లేదా అని అవి మరల విచారింపవు. పెద్ద ఉత్తరమును రెండు వందల కార్డులపై వ్రాసి, అంకెలు వేసి, తపాలా పెట్టెలో వేసినట్లే. కొన్ని కార్డులు ముందు వెనుకలుగా అందవచ్చును, కొన్ని అందకయే పోవచ్చును. ఈ నమ్మరాని తపాలాకు ఐపీ అని పేరు. అందని కార్డును గుర్తించి మరల వ్రాయించి, వరుసలో పేర్చి, ఉత్తరమును పూర్తిగా అప్పగించు గుమాస్తా వంటిది టీసీపీ.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకమైనను చెప్పును. స్టీవెన్సు ఇంతటితో తృప్తిపడలేదు. గ్రంథారంభముననే ఒక పటము కలదు. అరిజోనా రాష్ట్రములోని టూసాన్ నగరమున రచయితకు గల చిన్న నెట్‌వర్కు, అది టెలిఫోను తంతి మీదుగా బయటి ప్రపంచముతో కలిసిన విధము, ఒక్కొక్క యంత్రము పేరు, చిరునామా అందు చూపబడినవి. తరువాతి ముప్పది ప్రకరణములలోని ప్రయోగములు పెక్కు ఈ యంత్రముల మీదనే జరుగును. 'టీసీపీడంపు' అను సాధనముతో తంతి మీద పోవు ప్యాకెట్లను పట్టి, అవి పోయిన క్షణమును సెకండులో పదిలక్షలవ వంతు వరకు గుర్తించి, పంక్తులకు అంకెలు వేసి, రచయిత పాఠకుని ఎదుట పెట్టును. ఈ పంక్తిలో ఇట్లేల జరిగినదని తానే ప్రశ్నించును. ప్రమాణ పత్రము చెప్పినదొకటి, యంత్రము చేసినది మరియొకటి అయినచోట ఆ మాటను దాచడు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నోటు పుస్తకము ఎట్లుండునో ఈ గ్రంథమును అట్లే యున్నది.

ఏడవ ప్రకరణము మొత్తము 'పింగ్' అను చిన్న సాధనమునకే కేటాయింపబడినది. దీనిని 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయమున పనిచేయుచుండిన మైక్ మూస్ రచించెను. జలాంతర్గాములను కనిపెట్టుటకు నీటిలోనికి ఒక ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చువరకు పట్టిన కాలమును కొలుతురు. ఆ ధ్వనియే ఈ సాధనమునకు పేరైనది. పింగ్ ఒక చిన్న ప్యాకెట్టును పంపి 'ఉన్నావా?' అని అడుగును. అవతలి యంత్రము 'ఉన్నాను' అని దానినే త్రిప్పి పంపును. ఈ ప్రశ్నకును జవాబునకును కావలసిన నియమములు 1981లోనే ఐసీఎంపీ అను ప్రమాణమున నిర్ణయింపబడి యుండెను.

ఇంత అల్పమైన సాధనమునకు ఒక ప్రకరణమేలయని తోచవచ్చును. ఆ ప్రకరణము విలువ లెక్కలో నున్నది. సెకండుకు 9600 బిట్లు పోవు పాత తంతిపై, ప్రతి బైటుకు ఆది అంతములను తెలుపు రెండు బిట్లు చేరి పది బిట్లగును గాన, సెకండుకు 960 బైట్లు మాత్రమే పోవును. పింగ్ ప్యాకెట్టు అన్ని తొడుగులతో కలిసి 86 బైట్లు. పోవుటకు సుమారు 90 మిల్లీసెకండ్లు, తిరిగి వచ్చుటకు అంతే. మొత్తము 180 మిల్లీసెకండ్లు. తొమ్మిదవ తరగతి గణితమునకు మించినది ఇందేమియు లేదు. ముందు లెక్క కట్టి, పిదప కొలిచి, రెంటిని పోల్చి చూచుట రచయిత నేర్పు పద్ధతి.

అట్టి తంతులు నేడు లేవు గాని ఆ పద్ధతి నేటికిని చెల్లును. గాజు తంతిలో కాంతి సెకండుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు నుండి న్యూయార్కు భూగోళముపై సూటిగా సుమారు 13,000 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 26,000 కిలోమీటర్లు. కావున నెట్‌వర్కు ఎంత గొప్పదైనను ఆ జవాబు 130 మిల్లీసెకండ్లకు ముందు రాజాలదు. తంతులు సూటిగా పోవు గనుక ఇంకను ఆలస్యమే యగును అనుకొనుట పొరపాటు, అవి సముద్రగర్భమున చుట్టు తిరిగి పోవును గనుకనే ఆలస్యమగును. హైదరాబాదులోని విద్యార్థి ఒక అమెరికా సంస్థ పేరును పింగ్ చేయగా 10 మిల్లీసెకండ్లలో జవాబు వచ్చినదనుకొందము. జవాబిచ్చిన యంత్రము అమెరికాలో లేదని, ఇంచుమించు వేయి కిలోమీటర్ల లోపలనే యున్నదని అతడు తరగతి గదిలో కూర్చుండియే ఋజువు చేయవచ్చును. పెద్ద సంస్థలు తమ సమాచారపు ప్రతులను దేశదేశముల నిలువ యుంచుననుట అప్పుడు పుస్తకములోని వాక్యముగా గాక అతడు కనుగొన్న విషయముగా నుండును.

జవాబు వచ్చినప్పటి మాట ఇది. రానప్పుడు ఏమనుకొనవలెను? సామాన్యముగా చేయు తప్పు ఇక్కడనే యున్నది. తెరపై 'రిక్వెస్టు టైమ్డ్ ఔట్' అని కనబడగానే సర్వరు చచ్చినదని తీర్పు చెప్పుదురు. ఆ మాటకు అర్థము 'గడువులోగా జవాబు రాలేదు' అని మాత్రమే. విండోసు యంత్రముపై ఆ గడువు మామూలుగా 4 సెకండ్లు. ప్రశ్న పోవు దారిలో పోయి యుండవచ్చును. జవాబు వచ్చు దారిలో పోయి యుండవచ్చును. నడుమ నొక కాపలా యంత్రము పింగ్ ప్యాకెట్లను మాత్రమే అడ్డగించి యుండవచ్చును. అవతలి యంత్రమే వినియు పలుకరాదని నిశ్చయించుకొని యుండవచ్చును. పింగ్‌నకు పలుకని సర్వరు వెబ్ పుటలను చక్కగా అందించుచుండుట నేడు సర్వసామాన్యము. స్టీవెన్సు ఈ విషయమును 1994లోనే హెచ్చరించెను. పింగ్ చేరని యంత్రమునకు మరేదియు చేరదని పూర్వము నిస్సంశయముగా చెప్పగలిగినను, కాపలా రూటర్లు వచ్చిన పిమ్మట అట్లు చెప్పుటకు వీలులేదని ఆ ప్రకరణములో స్పష్టముగా కలదు. ఇన్నేండ్ల తరువాతను పింగ్ మౌనమును మరణవార్తగా చదువువారు ఉన్నారనగా, గ్రంథము పాతబడినదని ఫిర్యాదు చేయుటకు ముందు దానిని ఎవరైన చదివిరా అని అడుగవలసి యున్నది.

ఎనిమిదవ ప్రకరణము 'ట్రేస్‌రూట్' అను సాధనమును గూర్చినది. దీని రచయిత వాన్ జేకబ్‌సన్, కాలము 1987. ఇది పనిచేయు ఉపాయము చిత్రమైనది. ప్రతి ప్యాకెట్టు మీద ఆయువు వంటి ఒక అంకె ఉండును; అది 255కు మించదు. ప్రతి రూటరు దానిని ఒకటి తగ్గించి ముందునకు పంపును. అంకె సున్న అయినచో ఆ రూటరు ప్యాకెట్టును పారవేసి, 'నీ ప్యాకెట్టు నా యొద్ద చచ్చినది' అని పంపినవానికి కబురు చేయును. దారి తప్పిన ప్యాకెట్లు కలకాలము తిరుగాడకుండుటకు ఏర్పడిన నియమమిది. జేకబ్‌సన్ దానిని తలక్రిందులు చేసెను. ఆయువు 1 గల ప్యాకెట్టును పంపిన మొదటి రూటరు కబురు చేయును; 2 గల దానిని పంపిన రెండవ రూటరు; ఇట్లే గమ్యము వరకు. చావు కబుర్ల మీది చిరునామాలను వరుసగా వ్రాసికొన్నచో దారి తెలియును. దారి చూపుటకు ఉద్దేశింపబడని నియమముతోనే దారి కనిపెట్టిన ఈ యుక్తిని వివరించు పుటలు గ్రంథమంతటిలోను అందమైనవి.

ఐనను రచయిత ఆ అందమునకు లోబడి సాధనమును మితిమీరి పొగడలేదు. మూడు లోపములను తానే ఎత్తి చూపెను. ఒక ప్యాకెట్టు పోయిన దారినే తరువాతి ప్యాకెట్టు పోవునను హామీ లేదు. కబురు తిరిగి వచ్చు దారి, ప్యాకెట్టు పోయిన దారి ఒక్కటే కానక్కరలేదు. తెరపై కనబడు చిరునామా రూటరుకు గల పెక్కు ద్వారములలో ప్యాకెట్టు చొచ్చిన ద్వారమునకు చెందినది మాత్రమే. మొదటి లోపము నాడు చిన్నది, నేడు పెద్దది. రూటర్లు నేడు భారమును పంచుకొనుటకు ప్యాకెట్లను ఉద్దేశపూర్వకముగానే వేర్వేరు దారులకు మళ్ళించును. అప్పుడు ట్రేస్‌రూటు ఒక దారిలోని రెండవ మజిలీని, మరియొక దారిలోని మూడవ మజిలీని కలిపి, లోకములో ఎక్కడను లేని దారిని చూపవచ్చును. దీనిని సరిదిద్దుటకు 2006లో 'పారిస్ ట్రేస్‌రూట్' అను సంస్కరణము వెలువడినది. మొదటి కూర్పును చదువు ఉపాధ్యాయుడు ఈ మాటను మార్జినులో వ్రాసికొనవలెను. మధ్యలో నక్షత్రపు గుర్తులు కనబడినను భయపడనక్కరలేదు. ఆ మజిలీలోని రూటరు కబురు చేయుటకు నిరాకరించినదని, లేక కబురు దారిలో పోయినదని మాత్రమే వాని అర్థము. ఆ పిమ్మటి మజిలీలు కనబడుచున్నచో దారి తెరచియే యున్నది.

ఈ రెండు ప్రకరణములకంటెను తరగతి గదికి పనికివచ్చునది ఇరువది యొకటవ ప్రకరణములోని ప్రయోగము. రెండు యంత్రముల నడుమ టీసీపీ సంబంధమును నెలకొల్పి, ఒక పంక్తిని పంపి, అది చేరినదని రూఢి చేసికొని, రచయిత ఈథర్‌నెట్టు కేబులును ఊడదీయును. తరువాత మరియొక పంక్తిని టైపు చేయును. జవాబు రాదు. యంత్రము ఆ ప్యాకెట్టునే మరల పంపును. ఆ పంపుటల నడుమ కాలము సుమారుగా 1, 3, 6, 12, 24, 48 సెకండ్లు, ఆ పిదప 64 సెకండ్ల చొప్పున. దాదాపు 9 నిమిషములు ఇట్లు ప్రయత్నించి యంత్రము ఆశ వదలుకొనును. ప్రతి సారియు వేచియుండు కాలమును రెట్టింపు చేయుట ఏల? జవాబు రాకుండుటకు రద్దీయే కారణమైనచో, తొందరపడి మరల మరల పంపుట ఆ రద్దీని పెంచును. ఇది ఊహ కాదు. 1986 అక్టోబరులో, కేవలము 400 గజముల దూరమున నున్న లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలకును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకును నడుమ సమాచార వేగము సెకండుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయినది. దానికి కారణమును వెదకి, నివారణను 1988లో ప్రకటించినవాడు ట్రేస్‌రూటు రచయితయైన జేకబ్‌సనే.

ఇచట గ్రంథముపై ఒక గట్టి అభ్యంతరము చెప్పక తప్పదు. 9 నిమిషములను సంఖ్య టీసీపీ ధర్మము కాదు. స్టీవెన్సు వాడిన బర్క్‌లీ సంతతి యంత్రముల ధర్మము. నేటి లినక్సు యంత్రముపై విద్యార్థి అదే ప్రయోగము చేసినచో మొదటి విరామము సెకండులో అయిదవ వంతు మాత్రమే కావచ్చును. మొత్తము ప్రయత్నము 15 నిమిషములు దాటవచ్చును. రెట్టింపగుట మాత్రము మారదు. ప్రమాణమును, యంత్రము యొక్క అలవాటును వేరు చేయుటకు రచయిత పలుచోట్ల శ్రమపడినను, అన్ని ప్రయోగములును కొద్ది యంత్రముల మీదనే జరుగుటచే ఈ భేదము క్రొత్త పాఠకునకు అందదు. పుస్తకములోని అంకె రాలేదు గనుక తన ప్రయోగమే తప్పని అతడు అనుకొనుటకు ఎంతయు అవకాశమున్నది.

మిగిలిన కొరతలు కాలము తెచ్చినవి. తీగ లేని నెట్‌వర్కు గ్రంథమున లేదు. దాని మొదటి ప్రమాణమే 1997 నాటిది. ఐపీ చిరునామా 32 బిట్లది గాన మొత్తము చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలక పుట్టిన 128 బిట్ల ఆరవ ఐపీ ఇందు కానరాదు. ఇంతకంటె పెద్ద లోటు చిరునామా మార్పిడి లేకుండుట. దాని ప్రథమ పత్రము 1994 మే నెలలో వెలువడినది. అప్పటికి గ్రంథము అచ్చై యున్నది. నేడు పాఠశాలలోని ముప్పది యంత్రములకును 192.168తో మొదలగు లోపలి చిరునామాలుండును. బయటి లోకమునకు అవన్నియు రూటరు యొక్క ఒకే చిరునామాతో కనబడును. ఈ సంగతి తెలియని విద్యార్థి తన యంత్రము చిరునామాను స్నేహితునికి చెప్పి, ఇంటినుండి పింగ్ చేయుమని కోరి, జవాబు రాక విస్తుపోవును. ఇంకొకటి: స్టీవెన్సు నాడు టెల్‌నెట్టు సంభాషణను అక్షరము అక్షరముగా తంతి మీద చదివి చూపగలిగెను. నేడు వెబ్ సమాచారము చాలవరకు రహస్యలిపిలో పోవును. టీసీపీడంపుతో పట్టినను చిరునామాలు, పరిమాణములు, కాలములు కనబడునే గాని లోపలి మాట కనబడదు. ఇది లోకమునకు మేలే. పాఠమునకు మాత్రము నష్టము.

రెండవ కూర్పు ఈ లోట్లను పూడ్చినది. ఆరవ ఐపీ, తీగ లేని నెట్‌వర్కు, కాపలా యంత్రములు, చిరునామా మార్పిడి, భద్రత ఇవన్నియు అందు కలవు. పుటలు వేయికి పైబడినవి. అయితే పింగ్‌నకును ట్రేస్‌రూటునకును గల ప్రత్యేక ప్రకరణములు పోయినవి. ఆ సాధనములు ఐసీఎంపీ వివరణలో ఇమిడిపోయినవి. నిపుణునకు ఇది సరియైన మార్పే. బోధించువానికి కాదు. మొదటి కూర్పులో పాఠకుడు ముందు ఒక పనిముట్టును చేతబట్టి, అది చూపినదానినుండి నియమమునకు పోవును. రెండవ దానిలో నియమము ముందు, పనిముట్టు వెనుక. విషయ సంపదలో రెండవ కూర్పు మిన్న, బోధనలో మొదటిది మిన్న.

ఏ కూర్పైనను ఉన్నత పాఠశాల విద్యార్థి చేతికి సూటిగా ఇయ్యదగినది కాదు. భాష బిగువైనది, యూనిక్సు పరిచయమును ఆశించును. ఉపాధ్యాయుడు మొదటి కూర్పులోని ఏడు, ఎనిమిది, ఇరువది యొకటి ప్రకరణములను, రెండవ కూర్పులో కాపలా యంత్రములను గూర్చిన ఏడవ ప్రకరణమును చదివినచో నాలుగైదు తరగతులకు సరిపడు సామగ్రి దొరకును. ఇంటర్నెట్టు ఆగిన దినమున దానిని వాడుక చేయవచ్చును: మొదట 127.0.0.1ను పింగ్ చేసి తన యంత్రములోని ఐపీ మేలుకొని యున్నదా చూచుట; తరువాత గదిలోని రూటరును; తరువాత బయటి యొక అంకెల చిరునామాను; కడపట పేరును. అంకెలకు జవాబు వచ్చి పేరునకు రానిచో లోపము తంతిలో లేదు, పేర్లను అంకెలుగా మార్చు డీఎన్ఎస్‌లో ఉన్నది. అప్పుడు 'ఎన్ఎస్‌లుకప్' అను సాధనము ఆ సంగతిని రూఢిపరచును. విండోసుపై ట్రేస్‌రూటు పేరు 'ట్రేసర్ట్'. అది లోలోపల కొంచెము భిన్నమైన ప్యాకెట్లను పంపునని గుర్తుంచుకొన్న చాలును.

కేబులును ఊడదీయు ప్రయోగమునకు రెండు యంత్రములు, ఒక కేబులు, ఒక గంట కాలము కావలెను. ప్యాకెట్లను పట్టుటకు టీసీపీడంపు బదులు, బొమ్మలతో చూపు 'వైర్‌షార్కు' విద్యార్థులకు సులభము. అది 1998లో వేరొక పేరుతో పుట్టి, 2006లో ఈ పేరు దాల్చినది, ఉచితముగా దొరకును. దానిని నడుపుటకు యంత్రముపై అధికారి అనుమతి ఉండవలెను గాన ప్రధానోపాధ్యాయునితో ముందే మాటలాడుకొనుట అవసరము. పట్టవలసినవి ప్రయోగమునకు పెట్టిన రెండు యంత్రముల ప్యాకెట్లు మాత్రమే. ఇతరులవి తెరచుట చట్టవిరుద్ధము. ప్రకరణముల చివర నున్న ప్రశ్నలలో కొన్నిటికే స్టీవెన్సు జవాబులు ఇచ్చెను. మిగిలినవానిలో చాలవరకు ఈ రెండు యంత్రముల మీదనే తేల్చుకొనవచ్చును.